టెస్టర్ వెలగకపోతే కరెంటు లేనట్టేనా? బోరు మోటార్ల పనికి ముందుగా కొనవలసిన పరికరం ఏది?

నకిరేకల్ వైర్‌మన్:

అందరికీ నమస్కారం. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తిచేసి, నాలుగేళ్లుగా నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్లు, స్టార్టర్ డబ్బాలు, ఇళ్ల వైరింగు పనులు చేస్తున్నాను. నా సంచిలో ఉన్నవి ఒక నియాన్ టెస్టర్, రెండు వందల యాభై రూపాయలకు కొన్న పసుపు రంగు మల్టీమీటర్, ఒక కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్లు మాత్రమే.

మొన్న మే నెలలో ఒక రైతు చెలకలో స్టార్టర్ కాంటాక్టులు మార్చడానికి వెళ్లాను. మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి దించి, మూడు ఫేజుల మీదా టెస్టర్ పెట్టి చూశాను. ఒక్కచోట కూడా దీపం కనిపించలేదు. బి ఫేజు స్క్రూ విప్పబోతుండగా షాకు కొట్టి వెనక్కి పడ్డాను. తరువాత స్విచ్ మూత తీసి చూస్తే, మూడు బ్లేడ్లలో ఒకటి కాలి అతుక్కుపోయి, హ్యాండిల్ దించినా విడిపోకుండా అలాగే ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఎండిన వేప మొద్దు మీద నిలబడి చూసిన నాకు టెస్టర్ వెలుగు కనిపించలేదని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నా దగ్గర ఆరు వేల రూపాయలు ఉన్నాయి. మంచి క్లాంప్ మీటరు (వైరును విప్పకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), మెగ్గరు (ఇన్సులేషన్ బలం చూసేది) రెండూ ఆ డబ్బుకు రావు. ముందుగా ఏది కొనాలి? అసలు పల్లె పనికి ఖరీదైన మీటరు అవసరమా? అనుభవం ఉన్నవారు కారణంతో సహా చెప్పగలరని ప్రార్థన.

పాలమూరు పాత పనివాడు:

తమ్ముడూ, ముందుగా నువ్వు ప్రాణాలతో బయటపడ్డందుకు సంతోషం. నేను ముప్పై రెండేళ్లుగా మహబూబ్‌నగర్, వనపర్తి వైపు పనిచేస్తున్నాను. టెస్టర్‌ను నమ్మవద్దని నేనూ చెబుతాను. కానీ దానికి మందు ఆరు వేల మీటరు కాదు. రెండు హోల్డర్లలో రెండు వంద వాట్ల బల్బులు సిరీస్‌లో కట్టుకుంటే, ఫేజుకూ నూట్రల్‌కూ మధ్య మసకగా, ఫేజుకూ ఫేజుకూ మధ్య దాదాపు నిండుగా వెలుగుతాయి. ఎండలోనైనా చేయి అడ్డం పెట్టుకుంటే కనిపిస్తాయి. బ్యాటరీ ఖర్చు లేదు, రేంజి తప్పు పెట్టే భయం లేదు.

డిజిటల్ మీటరు అబద్ధం కూడా చెబుతుంది. ఒకసారి పాత ఇంట్లో, ఒకే పైపులో పోతున్న వైర్లలో ఏ స్విచ్‌కూ కలపని ఖాళీ వైరు మీద నా మీటరు తొంభై వోల్టులు చూపించింది. తప్పు ఎక్కడో తెలియక గోడ పగలగొట్టించాను. చివరికి అందులో కరెంటే లేదు. బల్బు పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నా మాట ఏమిటంటే, పనిముట్టు కంటే పనివాడి పద్ధతి ముఖ్యం.

జడ్చర్ల ప్లాంట్ మెయింటెనెన్స్:

పెద్దవారు చెప్పిన తొంభై వోల్టుల మాట నిజమే. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా పది మెగాఓమ్‌లు ఉంటుంది కాబట్టి, పక్కనే పోతున్న లైవ్ వైరు నుంచి గాలిలో చేరే చిన్న ప్రేరణను కూడా అది వోల్టేజీగా చూపిస్తుంది. అయితే ఇప్పుడు కొన్ని మీటర్లలో తక్కువ నిరోధంతో కొలిచే లో–జెడ్ అనే స్థానం ఉంటుంది. అది బల్బులాగే కొంత కరెంటు లాగుతుంది కనుక ఆ దొంగ వోల్టేజీ అక్కడే పడిపోతుంది. బల్బు చేసే పని బల్బు పగిలే ప్రమాదం లేకుండా జరుగుతుంది.

నేను అభ్యంతరం చెప్పేది నకిరేకల్ సోదరుని పసుపు మీటరుకు. దాని మీద పది ఆంపియర్ల రంధ్రం దగ్గర ‘ఫ్యూజు లేదు’ అన్న అర్థంలో రాసి ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి. బ్యాటరీ డీసీ కరెంటు చూసిన తరువాత ఎర్ర వైరును ఆ రంధ్రంలోనే మరచిపోయి, ఫేజుల మధ్య వోల్టేజీ చూడబోతే, మీరు చేతితో షార్ట్ చేసినట్టే. ఊరి వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడు మీద ఇచ్చేది సుమారు 133 ఆంపియర్లు. కానీ దాని ఇంపెడెన్సు, అంటే కరెంటుకు లోపలి అడ్డు, నాలుగున్నర శాతం అనుకుంటే, గద్దె దగ్గర షార్ట్ అయినప్పుడు దాదాపు మూడు వేల ఆంపియర్లు పారుతాయి. అంత కరెంటును తెంపగల ఫ్యూజు ఆ మీటరులో ఎక్కడుంది?

అందుకే మీటరు మీద ‘క్యాట్’ అని రాసి ఉండే కొలత వర్గం చూడాలి. ప్లగ్గుకు తగిలించే సామాను కొలవడానికి క్యాట్ 2, ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డు, స్టార్టర్, మోటారు వంటి స్థిరమైన ఏర్పాట్లకు క్యాట్ 3, సర్వీసు వైరు, ఎనర్జీ మీటరు ముందు భాగం, బయటి లైన్లకు క్యాట్ 4. చాలామంది వోల్టుల అంకె పెద్దదిగా ఉంటే చాలనుకుంటారు. క్యాట్ 2 వెయ్యి వోల్టుల మీటరునూ, క్యాట్ 3 ఆరు వందల వోల్టుల మీటరునూ ఆరు వేల వోల్టుల ఇంపల్స్‌తోనే, అంటే క్షణకాలపు వోల్టేజీ దెబ్బతోనే, పరీక్షిస్తారు. కానీ మొదటిదానికి ఆ దెబ్బ పన్నెండు ఓమ్‌ల గుండా, రెండోదానికి రెండు ఓమ్‌ల గుండా వస్తుంది. అంటే రెండోది తట్టుకోవలసిన కరెంటు ఆరు రెట్లు. పిడుగు పడి సర్జి వచ్చిన క్షణంలో మీటరు మీ చేతిలో ఉంటే తేడా తెలిసేది అక్కడే.

దేవరకొండ రివైండింగ్:

నేను ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. బోరు మోటార్ల పని చేసేవాడికి ముందుగా మెగ్గరు కావాలి. మా వైపు బోర్లు ఆరేడు వందల అడుగులు. మోటారు ‘ట్రిప్’ అవుతుందని చెప్పగానే పైపులన్నీ బయటికి తీయిస్తారు. తీసిన తరువాత వైండింగు బాగానే ఉండి, కేబుల్ జాయింటులో టేపు లోపలికి నీరు దిగిందని తెలుస్తుంది. కొన్నిసార్లు స్టార్టర్‌లోనే లోపం దొరుకుతుంది. రైతుకు తీసే ఖర్చు, దించే ఖర్చు రెండూ నెత్తిన పడతాయి.

మల్టీమీటరు ఓమ్‌ల స్థానంలో కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది. ఆ కొద్ది ఒత్తిడికి చీలిన ఇన్సులేషన్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. మెగ్గరు ఐదు వందల వోల్టుల డీసీ పెడుతుంది కాబట్టి అసలు బలహీనత బయటపడుతుంది. స్టార్టర్ దగ్గర మూడు కేబుల్ కొసలూ విప్పి, ఒక్కొక్కదానికీ కేసింగు పైపుకూ మధ్య నిమిషంపాటు చూస్తాను. ఒక మెగాఓమ్ కంటే దిగువన ఉంటే తీయమని చెబుతాను. పదుల మెగాఓమ్‌లు వస్తే మోటారును కదిలించనివ్వను, ముందు స్టార్టర్, ఫ్యూజులు చూడమంటాను. ఇంకొక మాట, కొసలు విప్పకుండా మెగ్గరు వేస్తే ఆటో స్టార్టర్‌లోని, ప్రివెంటర్‌లోని (ఒక ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) ఎలక్ట్రానిక్ కార్డు పోతుంది. పరీక్ష అయిన తరువాత కేబుల్‌ను భూమికి తాకించి డిశ్చార్జి చేయకుండా ముట్టుకోకూడదు.

నా దగ్గర ఉన్నది చేతితో తిప్పే పాత రకం. నిమిషానికి 160 చుట్లు నిలకడగా తిప్పాలి. బ్యాటరీ అయిపోయి అబద్ధపు అంకె చూపించే భయం దానికి లేదు.

జడ్చర్ల ప్లాంట్ మెయింటెనెన్స్:

మెగ్గరు విలువను నేను తక్కువ చేయడం లేదు. కానీ మెగ్గరు వేయడానికి ముందు, ఆ మూడు కొసలలో కరెంటు లేదని దేనితో నిర్ధారించుకుంటారు? నకిరేకల్ సోదరుడు పడిపోయింది సరిగ్గా ఆ మెట్టు మీదే. మెగ్గరు లేకపోతే రైతు డబ్బు పోతుంది, ‘కరెంటు లేదు’ అని నమ్మకంగా చెప్పే పరికరం లేకపోతే పనివాడే పోతాడు. అందుకే వరుస అదే.

నియాన్ టెస్టర్ గురించి ఇంకొకటి చెప్పాలి. అది మన ఒంటి గుండా భూమికి పారే అతి సన్నని కరెంటుతో వెలుగుతుంది. మొద్దు మీద నిలబడితే ఆ దారి బలహీనపడుతుంది. మరోవైపు, లేని చోట ఉన్నట్టు కూడా చూపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయి మోటారు తిరగక మూలుగుతున్నప్పుడు స్టార్టర్ అవతలి కొసల మీద టెస్టర్ పెట్టండి, మూడింటిలోనూ వెలుగుతుంది. పోయిన ఫేజు కొసకు మిగతా రెండు ఫేజుల నుంచి వైండింగు గుండా సగం వోల్టేజీ, అంటే సుమారు 115 వోల్టులు తిరిగి వస్తుంది. నియాన్‌కు అది చాలు. మీటరు పెడితే ఒక జత మధ్య 400, మిగతా రెండు జతల మధ్య సుమారు 200 చొప్పున కనిపించి, లోపం ఎక్కడుందో చెబుతుంది. అయితే ఆ కొలత కొన్ని క్షణాల్లో ముగించాలి, ఆ స్థితిలో మోటారు ఎక్కువసేపు ఉంటే కాలిపోతుంది.

ఏ పరికరమైనా మూడు మెట్ల పద్ధతి వదలకండి: ముందు లైవ్ ఉందని తెలిసిన చోట మీటరును చూడాలి, తరువాత పని చేయవలసిన చోట చూడాలి, మళ్లీ లైవ్ చోటికి వెళ్లి మీటరు ఇంకా బతికే ఉందని చూడాలి. మధ్యలో ప్రోబు వైరు (మీటరు మొనకు ఉండే వైరు) తెగిపోతే సున్నా చూపిస్తుంది. ఆ సున్నాకూ, నిజమైన సున్నాకూ తెర మీద తేడా ఉండదు.

ఇక మా ఫ్యాక్టరీలో అయితే ఏటా ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిగా ఉందో లేదో సరిచూసే పరీక్ష, చేయించిన పత్రం లేనిదే కాంట్రాక్టరు మీటరును గేటు లోపలికి రానివ్వము. ఊళ్లో పనిచేసేవారూ ఆ అలవాటు చేసుకోవాలని నా అభిప్రాయం.

మిర్యాలగూడ మిల్లు ఎలక్ట్రీషియన్:

కొనడం గురించి అందరూ రాశారు, కాపాడుకోవడం గురించి నేను రాస్తాను. రైసు మిల్లులో తవుడు ధూళి మీటరు తిరుగుడు స్విచ్‌లోకి దూరి, అంకె ఎగురుతూ ఉంటుంది. పని అయిన వెంటనే మీటరును మూత ఉన్న పెట్టెలో పెట్టడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు. మెత్తని కుంచెతో దులుపుతాను. తడి గుడ్డతో స్విచ్ వైపు ఎప్పుడూ తుడవను.

అన్నిటికంటే ముందు పాడయ్యేది మీటరు కాదు, ప్రోబు వైరు. పిడి దగ్గర వంగి వంగి లోపలి తీగలు తెగుతాయి. వారానికి ఒకసారి రెండు మొనలూ తాకించి ఓమ్‌లు చూసి, వైరును పిడి దగ్గర అటూ ఇటూ వంచుతాను. అర ఓమ్ లోపు నిలకడగా ఉంటే సరే, అంకె గెంతితే ఆ జత మార్చేస్తాను. ఇన్సులేషన్ టేపు చుట్టి వాడటం నేను మానేశాను. మొన ఇనుము నాలుగు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ బయటికి కనిపించని ప్రోబులే స్టార్టర్ డబ్బాలో వాడుతున్నాను. ఇరుకు చోట మొన జారి రెండు ఫేజులకు తగలడం నేను కళ్లారా చూశాను.

మే నెలలో మీటరును బండి డిక్కీలో వదలకండి. చాలా మీటర్ల కచ్చితత్వం 23 డిగ్రీలకు ఐదు డిగ్రీలు అటూ ఇటూ ఉన్నప్పటి మాట. మన నల్లగొండ ఎండలో డిక్కీ లోపల వేడి ఎంత పెరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. తెర నల్లబడుతుంది, బ్యాటరీ కారుతుంది. నెలలు వాడని మీటరులో బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. తెర మీద బ్యాటరీ గుర్తు వచ్చిన తరువాత చూపించే అంకెను నమ్మవద్దు. ఫ్యూజు పోతే అదే రేటింగు ఉన్న సిరామిక్ ఫ్యూజే వేయాలి. తీగ చుట్టడం అంటే మీటరు కొన్న డబ్బును పారేసుకోవడమే.

పాలమూరు పాత పనివాడు:

జడ్చర్ల వారు చెప్పిన తిరిగి వచ్చే 115 వోల్టుల లెక్క నాకు కొత్త కాదు, కానీ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నా బల్బుల వైరు మధ్యలో ఫ్యూజు కూడా లేదు, ఇన్నాళ్లూ అలాగే వాడాను. లో–జెడ్ మీటరు దానికంటే మేలని ఒప్పుకుంటున్నాను.

ఏటా క్యాలిబ్రేషన్ మాట మాత్రం ఒప్పుకోను. నకిరేకల్ తమ్ముడు రోజు కూలీ వదులుకొని హైదరాబాద్ వెళ్లి, మీటరు ధరలో పెద్ద భాగం పత్రానికి కట్టాలా? మోటారు నడవడానికి 398 వోల్టులా, 403 వోల్టులా అన్నది మనకు అవసరం లేదు. కరెంటు ఉందా లేదా, మూడు ఫేజులు సమానమా కాదా అన్నదే కావాలి. నేను నెలకొకసారి మా ఇంకొక మేస్త్రి మీటరు పక్కన నాది పెట్టి, ఒకే ప్లగ్గులో రెండూ చూస్తాను. మెగ్గరుకు అయితే ఒక్కొక్కటి ఒక మెగాఓమ్ ఉన్న నాలుగు రెసిస్టర్లు సిరీస్‌లో కట్టి ఉంచుకున్నాను. ఐదు వందల వోల్టులు నాలుగింటి మధ్య పంచుకోవడం వల్ల ఏదీ దెబ్బతినదు. నాలుగు చూపించవలసిన చోట మూడున్నర చూపిస్తే అప్పుడు ల్యాబుకు పంపుతాను.

జడ్చర్ల ప్లాంట్ మెయింటెనెన్స్:

ఇంట్లోనే చేసుకునే ఆ పోలిక మంచిదే, కానీ రెండు మీటర్లూ ఒకే వైపు తప్పితే అది పట్టదు. ఫ్యాక్టరీ పనికి, కొత్త సర్వీసు టెస్టు రిపోర్టు మీద అంకె రాసి సంతకం పెట్టేవారికి పత్రం తప్పదనే ఇప్పటికీ అంటాను. ఊళ్లో మరమ్మతు పనికి మీ పద్ధతితో సరిపెట్టుకోవచ్చు.

నకిరేకల్ వైర్‌మన్:

అందరికీ ధన్యవాదాలు. ఈ మూడు వారాలూ ఆలోచించి, క్యాట్ 3 ఆరు వందల వోల్టుల గుర్తు, లో–జెడ్ స్థానం ఉన్న క్లాంప్ మీటరు హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో కొన్నాను. మెగ్గరు అవసరమైన రోజు మా ఊరి రివైండింగ్ అన్న దగ్గర అద్దెకు తీసుకొనేలా మాట్లాడుకున్నాను.

నిన్న ఒక బోరు మోటారు మూలుగుతూ తిరగడం లేదని పిలిచారు. పాత టెస్టర్ మూడు కొసలలోనూ వెలిగింది. రైతు పైపులు తీయడానికి కూలీలను కూడా మాట్లాడాడు. మీటరు పెడితే ఆర్, వై మధ్య 396, మిగతా రెండు జతల మధ్య 200కు అటూ ఇటూ వచ్చింది. వెంటనే స్టార్టర్ ఆపించాను. ఊరి కరెంటు మనిషిని పిలిపించి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బి ఫేజు ఫ్యూజు వేయించగానే నీళ్లు వచ్చాయి.

పాలమూరు అన్నగారూ, వచ్చే నెల పాలమూరు వైపు పని మీద వస్తున్నాను. నా మీటరును మీ మీటరు పక్కన పెట్టి ఒకసారి చూడగలరా? ఆ నాలుగు రెసిస్టర్ల కట్టను కూడా ఎలా కట్టారో చూపించగలరు.

పాలమూరు పాత పనివాడు:

తప్పకుండా రా తమ్ముడూ. వచ్చేటప్పుడు ఆ పసుపు మీటరు కూడా తీసుకురా, పది ఆంపియర్ల రంధ్రం మూసేసి ఇస్తాను, ఇంట్లో బ్యాటరీలు చూడటానికి పనికొస్తుంది.