విదేశీ చిత్రకారిణి ఇస్తానన్న బొమ్మలు మా ఊరి మ్యూజియంకి ఎలా తీసుకోవాలి?

అడిగినవారు (పొందూరు దగ్గర పల్లె నుంచి):

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో ట్రస్టు తరఫున రెండు గదుల మ్యూజియం నడుపుతున్నాం. రాట్నాలు, పత్తి ఏకడానికి వాడే వాలుగ చేప దవడలు, ఒక పాత మగ్గం, తాతల నాటి పంచెలు, అంతే మా ఆస్తి. ఫ్రాన్స్ నుంచి ఒక చిత్రకారిణి వచ్చి, ఆరు వారాలుగా మా వడికేవాళ్ళ అరుగుల మీదే కూర్చుని బొమ్మలు వేస్తున్నారు. కాగితం మీద ఇంకుతో వేసినవి పదకొండు, మన ఖద్దరు గుడ్డ మీద వేసిన పెద్దది ఒకటి. వచ్చే నెల రెండో వారంలో వెళ్ళిపోతారు. మూడు బొమ్మలు మాకే ఇచ్చేస్తానన్నారు. కమిటీలో ఒకాయన "ఇస్తానంటే పుచ్చుకోవడమే, ఇంకేటి కావాల" అంటున్నారు. ఇంకొకాయన ఎంతో కొంత ఇచ్చి కొనాలంటున్నారు. పెద్ద మ్యూజియంలు ఇలాంటప్పుడు ఏం చేస్తాయో తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (విజయనగరం నుంచి, మ్యూజియం రిజిస్టర్లు రాసి రిటైరైనవాణ్ణి):

తమ్ముడూ, మంచి సమయంలో అడిగారు. ఆమె విమానం ఎక్కాక ఒక్క సంతకం కావాలన్నా నెలలు పడుతుంది. కాబట్టి చేయాల్సిందంతా ఈ మూడు వారాల్లోనే చేయండి.

మ్యూజియంకి వస్తువు వచ్చే దారులు కొన్నే. కొనడం, దానంగా పుచ్చుకోవడం, వీలునామా ద్వారా రావడం, వేరే మ్యూజియంతో మార్చుకోవడం, లేదా కళాకారుడికి చెప్పి చేయించుకోవడం. సాలార్‌జంగ్ మ్యూజియంలో మనందరం చూసే మేలిముసుగు రెబెక్కా ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. హైదరాబాద్ దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్ళినప్పుడు కొన్నారు. అక్కడ కొనేవారు శిల్పి ఊరికి వెళ్ళారు, మీ దగ్గరికి చిత్రకారిణే వచ్చారు. రెండు చోట్లా మ్యూజియం అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎవరిది, మాకు ఎలా వచ్చింది, కాగితం ఏది?

మన చట్టంలో చరాస్తిని చేతికి అందించినా దానం చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళనక్కర్లేదు. అయినా దానపత్రం రాయించుకోండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె వారసులో, కొత్త కమిటీయో "అది అరువిచ్చింది, దానం కాదు" అంటే మీ దగ్గర చూపడానికి ఏదో ఒకటి ఉండాలి. బొమ్మ పేరు, కొలతలు, ఏ కాగితం, ఏ ఇంకు, ఎప్పుడు ఎక్కడ వేశారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఇచ్చేవారు సంతకం చేయాలి, పుచ్చుకున్నామని మీరూ చేయాలి. ఆమెకు తెలిసిన భాషలో కూడా ఒక ప్రతి ఉంటే మంచిది.

ఇక అసలు చిక్కు. బొమ్మ మీ చేతికొస్తే దాని కాపీరైట్ కూడా వచ్చేసినట్టు కాదు. 1957 చట్టం ప్రకారం అది చిత్రకారిణిదే. ఆమె బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. మీరు పోస్టుకార్డులు వేయాలన్నా, క్యాలెండర్ మీద అచ్చు వేయాలన్నా రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అనుకుంటారు, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. అందుకని ఆ రెండూ స్పష్టంగా రాయించండి.

అడిగినవారు:

మాస్టారూ, కాపీరైట్ సంగతి మాకు తట్టనే లేదు. మరి కొంటే మేలా, దానమే మేలా?

జవాబు (విజయనగరం నుంచి):

కొంటే ముందు ఆమె ఏ వీసా మీద వచ్చారో చూడాలి. టూరిస్టు వీసా మీద సంపాదన కుదరదు. పైగా విదేశీయులకు డబ్బు చెల్లించేటప్పుడు పన్ను కోయాలా అన్న ప్రశ్న వస్తుంది. అది మీ ఆడిటర్ తేల్చాలి.

దానం తేలికని అనుకోకండి. మీరు ట్రస్టు కదా, విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలో (ఎఫ్‌సీఆర్‌ఏ) విదేశీ విరాళమంటే డబ్బే కాదు, వస్తువు కూడా. వ్యక్తిగత బహుమతికి లక్ష రూపాయల వరకు మినహాయింపు ఉంది, అది సంస్థకి వర్తించదు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ కానీ ముందస్తు అనుమతి కానీ లేకుండా పుచ్చుకోకండి. ఎవరో ఒకరి పేరున బహుమతిగా రాయించి తర్వాత ట్రస్టుకి మళ్ళించమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఆ దారి తొక్కకండి.

జవాబు (శ్రీకాకుళం నుంచి, డ్రాయింగ్ టీచర్‌ని):

మా అనుభవం కూడా వినండి. చాలా ఏళ్ళ కిందట బయటి దేశం నుంచి వచ్చిన ఒకాయన మేం పనిచేసిన చోట గోడ నిండా తాటితోపు, చేపల పడవలు వేసిచ్చారు. పిల్లలు రంగులు కలిపి ఇచ్చారు. ఒక సెలవుల్లో సున్నం వేసేశారు. అడిగితే, అది సంస్థ ఆస్తి అని ఏ రిజిస్టర్‌లోనూ లేదు, అందుకని ఎవరినీ అడగనక్కర్లేదన్నారు. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. నాకు ఇప్పటికీ ఆ గోడ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

జవాబు (విజయనగరం నుంచి):

అమ్మా, చాలా బాధాకరం. దీని మీద తీర్పు కూడా ఉంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేశారు. ఆయన కోర్టుకెళ్ళారు. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పం తిరిగి ఇవ్వమంది, ఐదు లక్షల నష్టపరిహారం కూడా ఇప్పించింది. కొనుక్కున్నంత మాత్రాన పాడుచేసే హక్కు రాదు. అయితే బొమ్మను ఎప్పుడూ గోడకే ఉంచాలన్న నియమం లేదు. ప్రదర్శించకపోవడం తప్పు కాదని కాపీరైట్ చట్టమే చెబుతోంది. అంచేత "శాశ్వతంగా ప్రదర్శిస్తాం" అని మాటివ్వకండి తమ్ముడూ. మన సముద్రపు గాలికి వెలుతురు కూడా తోడైతే కాగితం ఏడాది పొడుగునా నిలవదు. కొన్ని నెలలు గోడకు, కొన్ని నెలలు పెట్టెలో ఉంచడమే మేలు.

ఇంకో మాట. మనవాళ్ళు విదేశీయుడు వేసిందంటే మనది కాదనుకుంటారు. నికోలస్ రోరిక్ రష్యావాడు, మన కులూ లోయలో స్థిరపడ్డాడు. మన ప్రభుత్వం కళానిధులుగా ప్రకటించిన చిత్రకారుల్లో రవివర్మ, నందలాల్ బోస్‌లతోపాటు ఆయనా ఉన్నాడు. ఆయన బొమ్మలు దేశం దాటించడానికి లేదు. ఇక్కడ కూర్చుని, ఇక్కడి మనుషుల్ని చూసి వేసింది ఇక్కడి చరిత్రే.

అడిగినవారు:

మా కమిటీకి ఇదంతా చదివి వినిపించాను. మా ట్రస్టుకి పాత ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉంది. ఐదేళ్ళ గడువులో ఇంకా రెండేళ్ళు మిగిలిందని ఆడిటర్ తేల్చారు. ఏటా పంపే రిటర్నులో ఈ బొమ్మల విలువ చూపిస్తానన్నారు. మరి మూడూ తీసుకోవచ్చా?

జవాబు (విజయనగరం నుంచి):

మీరు కాపాడగలిగినన్నే తీసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ గది పైకప్పు ఎలా ఉందో గుర్తుందా? పెద్ద మ్యూజియం కమిటీలు కూడా ముందు ఇదే అడుగుతాయి: మన సేకరణలో దీనికి చోటుందా, దీన్ని చూసుకోగలమా? కాదనుకుంటే మర్యాదగా వద్దనడం కూడా పనే.

జవాబు (శ్రీకాకుళం నుంచి, డ్రాయింగ్ టీచర్‌ని):

గుడ్డ మీది బొమ్మ గురించి ఒక మాట. ఆ నూలు వడికినవారెవరు, నేసినవారెవరు? ఆ పేర్లు కూడా రిజిస్టర్‌లో రాయండి. బొమ్మలో ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే వాళ్ళనీ అడగండి. పోస్టుకార్డు మీద తమ ముఖం కనిపించడం అందరికీ ఇష్టం ఉండదు.

జవాబు (విజయనగరం నుంచి):

టీచరుగారి మాటతో ఏకీభవిస్తాను. వచ్చిన రోజే కండిషన్ రాయండి: ఎక్కడ మడత, ఎక్కడ మరక, నాలుగు మూలల ఫొటోలతో. రిజిస్టర్‌లో ఏడాది, వరుస నంబరు. కాగితానికి వెనక అంచున మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు. గుడ్డకైతే నంబరు రాసిన నూలు పట్టీని మూలన నాలుగు కుట్లు వేసి బిగించండి. గమ్ము పెట్టకండి, పురుగు పడుతుంది.

అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. రెండే తీసుకున్నాం, గుడ్డ మీదది, కాగితం మీదది ఒకటి. మూడోది ఆమె వెంట తీసుకెళ్తున్నారు. దానపత్రం తెలుగులోనూ ఫ్రెంచిలోనూ రాయించాం. పోస్టుకార్డులకి పదేళ్ళ అనుమతి ఇచ్చారు. గుడ్డకి నూలు వడికిన అవ్వ దగ్గరికి వెళ్ళి పేరు రాసుకుంటామంటే, "మా ఇంటిపేరు ముందు రాయి నాయినా, తర్వాత నా పేరు" అంది. అలాగే రాశాం.