ప్రైస్ స్టెర్న్ స్లోన్: ఈ హాస్య, పిల్లల పుస్తకాల సంస్థ చరిత్ర తెలిసినవారు ఉన్నారా?

ప్రశ్న (పాతపుటలు):
'మ్యాడ్ లిబ్స్' (కథ ముందే చెప్పకుండా మాటలు అడిగి, వాటితో ఖాళీలు నింపే ఆట) ప్యాడ్ల మీద, 'వీ సింగ్' పాటల పుస్తకాల మీద, 'మిస్టర్ మెన్' కథల అమెరికా ముద్రణల మీద ప్రైస్ స్టెర్న్ స్లోన్ అన్న ఒకే పేరు కనిపిస్తోంది. పెద్దల హాస్యం, పసిపిల్లల పాటలు ఒకే సంస్థ నుంచి ఎలా వచ్చాయి? దానిని స్థాపించినవారెవరో, తరువాత అది ఏమైందో దయచేసి వివరించగలరు.

జవాబు (అచ్చుగది):
అవి ముగ్గురి ఇంటిపేర్లండీ. బొమ్మల పొడుపుకథల వంటి 'డ్రూడుల్స్'తో పేరు తెచ్చుకున్న హాస్యరచయిత రోజర్ ప్రైస్, టెలివిజన్ రచయిత లెనార్డ్ స్టెర్న్ మొదటి ఇద్దరు. 1953లో స్టెర్న్ 'ది హనీమూనర్స్' అనే టెలివిజన్ హాస్య కార్యక్రమానికి స్క్రిప్టు రాస్తూ, ఒక పాత్రకు కొత్తగా వచ్చిన యజమాని ముక్కును వర్ణించడానికి తగిన విశేషణం తట్టక ఆగిపోయాడు. అంతలో వచ్చిన ప్రైస్‌ను ఒక విశేషణం చెప్పమంటే, అది దేనికో వినకముందే అతడు 'మొరటు', 'నగ్నం' అని రెండు మాటలు వదిలాడు. నగ్నమైన ముక్కున్న యజమానిని ఊహించుకుని నవ్విన ఆ ఇద్దరూ స్క్రిప్టును పక్కన పెట్టి, ఖాళీలున్న కథలు రాయడంలో పడ్డారు. అవే 'మ్యాడ్ లిబ్స్'. ప్రచురణకర్తలు ముందుకు రానందువల్ల 1958లో 14,000 ప్రతులు సొంతంగా అచ్చువేయించి ప్రైస్ ఇంటి భోజనాల గదిలో పేర్చుకున్నారు. స్టెర్న్ అప్పుడు స్టీవ్ అలెన్ టెలివిజన్ షోకు రాస్తున్నాడు. ఆ కార్యక్రమంలో అతిథులను ఈ ఖాళీల కథలతో పరిచయం చేయడంతో కొద్ది రోజుల్లోనే దుకాణాలలో ప్రతులు అయిపోయాయి.

జవాబు (చిరుపుస్తకం):
పై జవాబుకు కొంత చేరుస్తాను. 1960ల తొలినాళ్లలో లారీ స్లోన్ చేరాకే ఇది సంస్థగా నిలదొక్కుకుంది. లాస్ ఏంజెలెస్ కేంద్రంగా నడిచిన ఆ సంస్థకు అధ్యక్షుడు కూడా ఆయనే. ఏనుగు జోకుల మోజు దేశమంతా పాకిన 1963లో ఏనుగుల మీద పుస్తకం తెచ్చారు, మరుసటి ఏడాది డాన్ గ్రీన్‌బర్గ్ రాసిన 'హౌ టు బి ఎ జ్యూయిష్ మదర్' వేశారు. అయితే నా దృష్టిలో అసలు తెలివి 'మ్యాడ్ లిబ్స్' ప్యాడ్ రూపంలో ఉంది: 21 కథలు, నింపాక మళ్లీ పనికిరాని కాగితాలు, కనుక పిల్లవాడికి ఆట నచ్చితే కొత్త ప్యాడ్ కొనక తప్పదు. నామవాచకానికీ క్రియకూ తేడా అడక్కుండానే నేర్పిస్తుంది కాబట్టి ఉపాధ్యాయులూ దీనిని తరగతిలోకి రానిచ్చారు. (వ్యాకరణాన్ని ఇంత అల్లరిగా నేర్పిన పాఠ్యపుస్తకం నేనైతే చూడలేదు.)

జవాబు (వెనుకఅట్ట):
ప్రశ్నలో అడిగిన పెద్దల హాస్యం, పిల్లల పాటల సంగతికి వస్తే, సంస్థ 'పెద్దల హాస్యం నుంచి పిల్లల వైపు మళ్లింది' అనడం పూర్తిగా సరికాదని నా అభిప్రాయం. పెద్దలు విందుల్లో ఆడుకున్న ఆటే పిల్లల చేతికి చేరింది. ఆ పాఠకుల కోసమే 'వీ సింగ్' వంటివి వరుసలో చేరాయి. ప్రైస్ 1990లో మరణించాడు. 1993లో పుట్నమ్ బర్క్‌లీ బృందం సంస్థను కొనుగోలు చేసింది. 1996లో పుట్నమ్ పెంగ్విన్‌లో కలిసిపోవడంతో ఇదీ అందులో ఒక ముద్రణ విభాగమైంది. స్టెర్న్ 2011లో, స్లోన్ 2012లో కన్నుమూశారు. అప్పటికే 'మ్యాడ్ లిబ్స్' అమ్మకాలు 11 కోట్ల ప్రతులు దాటాయి.