గాలి, హవా, ప్రభంజనం: ఇందులో ఓటరు ఎక్కడున్నాడు?

మన గ్రూపులో దేవరకొండ టీచరమ్మ అడిగిన ప్రశ్న మంచిది. పిల్లలు వ్యాసాల్లో ‘ఆ నాయకుడి గాలి వీచింది’, ‘ఈయన హవా తగ్గింది’, ‘ప్రభంజనం సృష్టించారు’ అని ఏది తోస్తే అది రాస్తున్నారు, మూడూ ఒకటేనా అని అడిగారు. కింద కామెంట్లలో చాలామంది ‘ఒకటే మేడం’ అని తేల్చేశారు. నాకు అట్లా అనిపించడం లేదు. కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మాటల సంగతి. హవా ఉర్దూ నుంచి వచ్చింది. ఉర్దూలో మాట్లాడేవాళ్లకు సైకిల్ ట్యూబులో కొట్టేదీ హవానే, చెట్టు కింద తగిలేదీ హవానే. తెలుగు రాతలోకి వచ్చేసరికి దాని అర్థం ఇరుకైపోయి పలుకుబడి, జోరు అన్నదే మిగిలింది. ‘చల్లటి హవా వీస్తోంది’ అని తెలుగులో ఎవరూ రాయరు. ప్రభంజనం సంస్కృతం. భంజనం అంటే విరగ్గొట్టడం, కాబట్టి అది చెట్లు కూల్చే పెనుగాలి. హనుమంతుణ్ణి ప్రభంజన సుతుడు అనడం పద్యాలు చదివినవాళ్లకు తెలుసు. నాలుగు సీట్లు ఎక్కువ వచ్చినప్పుడల్లా హెడ్డింగులో ప్రభంజనం అని పెడితే ఆ మాట బరువు పోతుంది. ఎదుటి పార్టీ ఊడ్చుకుపోయినప్పుడే అది సరిపోతుంది. ఇక పవనాలు. ‘సానుభూతి పవనాలు’ లాంటి జంటల్లోనే రాజకీయాల్లో ఆ మాట ఎక్కువగా కనబడుతుంది.

అసలు చర్చ గాలి గురించి. వనపర్తి నుంచి ఒక అన్నయ్య ‘ఇది పేపర్ల మాట కాదు, మా నాయన కూడా ఇందిరమ్మ గాలి అనేటోడు’ అని రాశారు. నిజమే, ఊళ్లలో ఉన్న మాటే. కానీ ఎప్పుడు అంటారో గమనించండి. ఓట్లకు ముందు హోటల్ దగ్గర కూర్చుని ‘గాలి ఎటున్నదే?’ అని అడుగుతారు. అది అంచనా కోసం వేసే ప్రశ్న, జవాబు చెప్పేవాడు పది మంది మాటలు విని చెబుతాడు. ఓట్ల లెక్కింపు అయిపోయాక టీవీల్లో, వ్యాసాల్లో అదే మాట కారణంగా మారిపోతుంది. ‘ఎందుకు గెలిచాడు? గాలి వీచింది కాబట్టి.’ నా అభ్యంతరమంతా ఈ రెండో వాడుక మీదే. ఆ వాక్యంలో కర్త గాలి అయిపోయింది. ఎండలో లైన్ కట్టి ఓటు వేసిన మనిషి వాక్యంలోంచే మాయమైపోయాడు.

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్), మన ఈ రెండు జిల్లాల చరిత్ర చూస్తే ఆ కారణం నిలబడదు. 1952లో దేశమంతా నెహ్రూ పేరు మీద కాంగ్రెస్ గెలుస్తుంటే నల్లగొండ నుంచి కమ్యూనిస్టుల వేదిక పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. దున్నేవాడికి భూమి కోసం సాయుధ పోరాటం నడిచిన జిల్లా అది. ఎవరికి ఓటెయ్యాలో జనానికి స్పష్టంగా తెలుసు.

1977 ఇంకా విచిత్రం. ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీ స్వయంగా ఓడిపోయారు. మన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లకు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు. ఒకే నాయకురాలు, ఒకే ఎన్నిక. అక్కడ ‘మనసు విరిగింది’, ఇక్కడ విరగలేదు. ‘జనతా గాలి’ అని ఒక్క మాటలో రాసేస్తే ఈ తేడా కనిపించదు. తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న కూడా పుట్టదు.

జైపాల్ రెడ్డి సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. పాలమూరు జిల్లా కల్వకుర్తి ఎమ్మెల్యేగా ఉంటూ, ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్‌ను వదిలిన మనిషి. 1980లో ఇందిరా గాంధీ మెదక్‌లో నిలబడితే ఆమె మీద జనతా తరఫున పోటీ చేసి ఓడిపోయారు. 1984లో ఆమె హత్య తర్వాత దేశంలో కాంగ్రెస్‌కు 400 దాటి సీట్లు వచ్చాయి. సానుభూతి పవనాలు అన్న మాట పేపర్లలో మోగిపోయిన ఎన్నిక. అదే ఎన్నికలో మహబూబ్‌నగర్ ఓటర్లు అదే జైపాల్ రెడ్డిని జనతా ఎంపీగా ఢిల్లీకి పంపారు. ఆ ఏడు మన రాష్ట్రంలో తెలుగుదేశానికి 30 సీట్లు వచ్చాయి. వలసలకు పేరుపడ్డ జిల్లా అని పాలమూరును తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు.

సరే, అది ‘ఎన్టీఆర్ గాలి’ కదా అంటారు. 1985 అసెంబ్లీ ఎన్నికల్లో ఆయన నల్లగొండ, హిందూపురం, గుడివాడ మూడు చోట్లా గెలిచారు. 1989లో కాంగ్రెసేతర పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్ చైర్మన్‌గా దేశ రాజకీయాల్లో తిరుగుతున్నప్పుడు కల్వకుర్తిలో నిలబడితే కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. నాలుగేళ్లలో నల్లగొండకూ కల్వకుర్తికీ మధ్య వచ్చిన ఈ మార్పుకు ‘గాలి మళ్లింది’ అన్నది వివరణ అవుతుందా? పరిపాలన మీద కోపం, స్థానిక లెక్కలు, ఎదుట నిలబడిన మనిషి, వీటన్నిటినీ ఆ రెండు మాటలు కప్పేస్తాయి.

1996 లోక్‌సభ ఎన్నిక మాట నల్లగొండవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్ల మీద దేశం దృష్టి పడాలని జల సాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్లు వేశారు, చివరికి బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఆ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్ల బాధ అది, ఏ నాయకుడి గాలీ కాదు.

దగ్గరి కాలం 2024 లోక్‌సభ ఎన్నికలు. దేశంలో బీజేపీ 303 నుంచి 240కి వచ్చింది కాబట్టి ‘మోదీ హవా తగ్గింది’ అని రాశారు. తెలంగాణలో అదే పార్టీ 4 నుంచి 8కి పెరిగింది, కాంగ్రెస్ 3 నుంచి 8కి పెరిగింది. మహబూబ్‌నగర్‌లో బీజేపీ ఐదు వేల లోపు మెజారిటీతో బయటపడింది, పక్కనున్న నల్లగొండలో కాంగ్రెస్‌కు ఐదున్నర లక్షలు దాటిన మెజారిటీ. పాత లెక్కలో పక్కపక్క జిల్లాలు. ఇక్కడ ఎవరి హవా అని రాస్తారు? నేను ఏ పార్టీ పక్షానా మాట్లాడటం లేదు, అన్ని పార్టీల వాళ్లకూ ఇదే చెబుతాను.

మరి ఏం రాయాలి అంటే, మన మాటలు మనకు ఉన్నాయి. ‘ఈసారి ఆయన దిక్కు మొగ్గిండ్రు’ అంటారు. మొగ్గు తక్కెడకు సంబంధించిన మాట, అందులో తూచే చెయ్యి ఉంది. ‘మోజు తీరింది’, ‘మనసు విరిగింది’, ‘పేరు బద్‌నాం అయింది’, ‘నమ్మకం పోయింది’. వీటిలో ఏది వాడినా తర్వాతి ప్రశ్న దానంతట అదే వస్తుంది: ఎవరి మనసు, ఎందుకు విరిగింది? ‘గ్రాఫ్ పడిపోయింది’ కూడా ఇప్పుడు జనం నోట్లో నలిగిన మాటే, సర్వే గురించి రాసేటప్పుడు తప్పు లేదు. పిల్లలకు మార్కులు కోయకండి మేడం. ‘గాలి వీచింది’ అని రాసినచోట పక్కన ‘ఎవరు, ఎందుకు ఓటేశారు?’ అని రాయండి, తర్వాతి వాక్యం వాళ్లే రాస్తారు.

మిర్యాలగూడ తమ్ముడు కింద అడిగాడు: ‘గాలివాటం గెలుపు’ అన్నదీ తప్పేనా అని. తప్పు కాదు, కానీ అది తిట్టు అని తెలిసి వాడాలి. సొంత బలం లేకుండా గెలిచాడు అని అర్థం. కల్లంలో వడ్లు తూర్పార పట్టే రైతు గాలివాటం చూసుకుని నిలబడతాడు, అక్కడ గాలివాటం చూడటం పనితనం. పేపర్లో ‘ప్రతిపక్షాన్ని తూర్పారబట్టారు’ అన్నదీ ఆ కల్లం నుంచే వచ్చింది. రైతు దగ్గర మెచ్చుకోలుగా ఉన్నది రాజకీయాల్లో ఎందుకు తిట్టయిందో నాకు ఆసక్తిగా ఉంది. మునగాల, హుజూర్‌నగర్ వైపు పెద్దవాళ్లు దీన్ని ఇంకేదైనా అర్థంలో వాడతారేమో కనుక్కుని ఇక్కడ రాయి తమ్మీ.