పురోమైసిన్ వేసినా ఏ549 కణాలు చావడం లేదు, పీ53 బ్యాండ్ పోవడం లేదు

పద్మావతిపురం_ల్యాబ్:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, దారి కనబడడం లేదు. ఏ549 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో క్రిస్పర్‌తో (జన్యువును కోసే పద్ధతి) పీ53 ప్రోటీన్ తీసేసి, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుకు కణాలు ఎట్లా స్పందిస్తాయో చూడాలి. లెంటీక్రిస్పర్ వీ2 ప్లాస్మిడ్‌లో గైడ్ (ఎక్కడ కోయాలో చూపించే ఆర్‌ఎన్‌ఏ) పెట్టి, వైరస్ తయారీకి కావాల్సిన పీఎస్‌పాక్స్2, పీఎండీ2.జీ ప్లాస్మిడ్లు కలిపి హెచ్‌ఈకే293టి కణాల్లో వైరస్ చేశాం. వైరస్ బాగా పట్టేందుకు మి.లీ.కు 8 మైక్రోగ్రాముల పాలీబ్రీన్‌తో ఇచ్చి, 48 గంటల తర్వాత మి.లీ.కు 2 మైక్రోగ్రాముల పురోమైసిన్ వేశాం; దాన్ని తట్టుకునే జన్యువు మా వైరస్‌లో ఉంది కాబట్టి వైరస్ పట్టని కణాలు చావాలి. నాలుగు రోజులైనా ఒక్క కణం చావలేదు. 5కు పెంచినా అంతే. అంటే వైరస్ అన్నిట్లోకీ పోయినట్టే కదా? మరి వెస్టర్న్‌లో (ప్రోటీన్ ఉందో లేదో చూపే పరీక్ష) పీ53 బ్యాండ్ అట్లాగే ఎందుకుంది? గైడ్ మార్చాలా? వచ్చే వారం రిపోర్టు ఇవ్వాలి, ఎవరైనా చెప్పండి.

కొర్లగుంట:
వైరస్ ఇవ్వని ప్లేటు చచ్చిందా?

అలిపిరి_దారి:
గైడ్ సంగతి తర్వాత. మీ వైరస్‌కు వీఎస్‌వీ-జీ ప్రోటీన్ తొడుగు ఉంది, అది మనిషి కణంలోకి పోతుంది. లోపల కోసే ఎంజైమ్ క్యాస్9, దాంతోపాటు మనిషి టీపీ53ను (పీ53 జన్యువును) కోయించే గైడ్. క్యాన్సర్‌ను ఆపే జన్యువునే తెంపే సరంజామా ఇది, కణాన్ని మెరిపించే మామూలు జీఎఫ్‌పీ వైరస్ లాగా చూడొద్దు. రెండు జతల గ్లౌజులు, బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) క్యాబినెట్, సూదులూ గాజు పైపెట్లూ లేకుండా పని. వైరస్ తగిలిన ప్రతి మీడియాలో పదో వంతు బ్లీచ్ కలిపి అరగంట వదిలి పారబోయాలి. బ్లీచ్ పోసింది ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు. సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ఉందా? 2017 డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) మార్గదర్శకాలు ఒకసారి చదవండి.

పద్మావతిపురం_ల్యాబ్:
అనుమతి ఉందండీ. వైరస్ ఇవ్వని ప్లేటు పెట్టలేదు, కణాలు తక్కువ ఉన్నాయని.

చిత్తూరోడు:
అదే లేకపోతే ఏం తెలుస్తాది అక్కా? కణాలు చావకుండా ఉండేదానికి మూడు కారణాలు ఉండాయి. వైరస్ పట్టి ఉండొచ్చు, మందు పని చేయకపోయి ఉండొచ్చు, కణాలకే ముందునుంచి తట్టుకునే శక్తి ఉండొచ్చు. కిల్ కర్వ్ చేయండి, అంటే ఎంత మందుకు కణాలు చస్తాయో చూడండి. ఆరు గుంతల ప్లేటు, గుంతకు లక్ష కణాలు, మర్నాడు మి.లీ.కు 0, 0.5, 1, 2, 3, 5 మైక్రోగ్రాములు. మూడు రోజులు చూడండి. ప్లేటు నిండిపోయినాక వేస్తే మందు సరిగా పట్టదు. స్టాక్ మి.లీ.కు 10 మిల్లీగ్రాములైతే, 10 మి.లీ. మీడియాకు 2 మైక్రోలీటర్లు పోస్తే మి.లీ.కు 2 మైక్రోగ్రాములు అవుతాది. అదే స్టాక్‌తో పక్కన హీలా కణాల ప్లేటు కూడా పెట్టండి, మందు మంచిదో కాదో తేలిపోతాది.

ఎస్‌టీఆర్_తప్పనిసరి:
మైకోప్లాస్మా (కణాల్లో చేరే బ్యాక్టీరియా) పీసీఆర్, ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాల డీఎన్‌ఏ గుర్తింపు) లేకుండా ఏ కణాల మీదా మాట్లాడడం వృథా. సీసా మీద పేరు చూసి నమ్మొద్దు.

పద్మావతిపురం_ల్యాబ్:
కిల్ కర్వ్ అయింది. వైరస్ ఇవ్వని ఏ549 5లోనూ హాయిగా పెరుగుతున్నాయి. హీలా 1కే చచ్చిపోయింది.

కొర్లగుంట:
కణాలు ఎక్కడివి? వయల్ మీద ఏం రాసుంది?

పద్మావతిపురం_ల్యాబ్:
వేరే ల్యాబ్ వాళ్లిచ్చారు. "ఏ549-లూక్" అని ఉంది. ఎలుకల్లో ఇమేజింగ్‌కు వాళ్లు చేసుకున్నవి. ఏ549యే కదా అని రాయలేదు.

కొర్లగుంట:
దొరికింది. ఇమేజింగ్‌కు వెలుగిచ్చే లూసిఫెరేజ్‌తోపాటు పురోమైసిన్‌ను తట్టుకునే జన్యువు ఎక్కించినట్టుంది. వాళ్లను ప్లాస్మిడ్ మ్యాప్ అడగండి.

చిత్తూరోడు:
అవునక్కా. పురోమైసిన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమ్ కణంలో ముందే ఉంటే మీరు ఏరింది ఏమీ లేదు. వైరస్ పట్టిన నాలుగు కణాలూ పట్టని వాటిలో కలిసిపోయినాయి, బ్యాండ్ అందుకే పోలేదు. గైడ్‌ను తప్పు పట్టొద్దు. మ్యాప్‌లో బ్లాస్టిసిడిన్‌ను (కణాలను ఏరే ఇంకో మందు) తట్టుకునే జన్యువు లేదని చూసుకుని, అదే గైడ్‌ను బ్లాస్ట్ రకం వెక్టర్‌లోకి మార్చండి. కిల్ కర్వ్ మి.లీ.కు 2.5 నుంచి 20 మైక్రోగ్రాముల దాకా. పురోమైసిన్ మాదిరి మూడు రోజుల్లో తేలదు, వారం దాకా ఓపిక పట్టాల.

రేణిగుంట_రోడ్డు:
వెక్టర్ మార్చే టైం లేకపోతే పీ53ను పెంచే నట్లిన్-3ఏ వాడండి, 10 మైక్రోమోలార్, రెండు మూడు రోజులకోసారి మీడియా మార్చుతూ. పీ53 బాగున్న కణాలు పెరగకుండా ఆగిపోతాయి, పోయినవి పెరుగుతాయి. ఏ549లో టీపీ53 చెక్కుచెదరలేదు కాబట్టి ఇది కుదురుతుంది, హెచ్1299 కణాల్లో కుదరదు, అందులో పీ53 అసలే లేదు. ఒక చిక్కుంది: కంట్రోల్ గైడ్ (పీ53ను కోయని గైడ్) కణాలను నట్లిన్‌తో ఏరలేరు, కాబట్టి రెండు ప్లేట్ల చరిత్ర ఒకటి కాదు. సిస్‌ప్లాటిన్ ఫలితం రాసేటప్పుడు ఇది దాచొద్దు.
వెస్టర్న్‌కు ముందు పీ53ను పెంచే డాక్సోరుబిసిన్ లేదా నట్లిన్ 24 గంటలివ్వండి. మామూలుగా పీ53 తక్కువే ఉంటుంది, బ్యాండ్ సన్నబడితే పోయిందనుకుంటాం. పీ53 పనిచేస్తే పెరిగే పీ21 కూడా చూడండి. వెస్టర్న్‌లో వాడే డీఓ-1 యాంటీబాడీ పీ53 ప్రోటీన్ మొదటి భాగాన్నే పట్టుకుంటుంది, 40వ అమైనో ఆమ్లం నుంచి మొదలయ్యే పొట్టి రూపం మిగిలినా దానికి కనబడదు.

ఎస్‌టీఆర్_తప్పనిసరి:
ఏరిన తర్వాత కూడా అది పూల్, అంటే రకరకాల కణాల కలగలుపు. పూల్‌ను నాకౌట్ (జన్యువు పూర్తిగా పాడైన) లైన్ అనకూడదు. ఏ549 ట్రిప్లాయిడ్‌కు (ప్రతి క్రోమోజోమూ మూడేసి ఉండడానికి) దగ్గర, సాధారణంగా 66 క్రోమోజోములు. అన్ని కాపీల్లోనూ ఫ్రేమ్ తప్పిందని సీక్వెన్స్‌లో చూపించిన క్లోనే (ఒక్క కణం నుంచి పెరిగిన గుంపే) నాకౌట్.

రేణిగుంట_రోడ్డు:
ఒక్క క్లోన్ మీద సిస్‌ప్లాటిన్ ఫలితం చూపిస్తే అది పీ53 వల్లో, ఆ క్లోన్ గుణం వల్లో ఎట్లా తెలుస్తుంది? రెండు గైడ్‌లతో రెండు పూళ్లు చాలా మేలు.

ఎస్‌టీఆర్_తప్పనిసరి:
మూడు క్లోన్లు పెట్టండి, ఆ సమస్య పోతుంది.

రేణిగుంట_రోడ్డు:
వారంలో మూడు క్లోన్లు రావు సార్.

అలిపిరి_దారి:
అసలు సిస్‌ప్లాటిన్ ప్రశ్నకు ఏ549 ఎందుకు? అందులో ఎన్ఆర్ఎఫ్2ను అదుపు చేసే కీప్1 పాడైంది, దాంతో ఎన్ఆర్ఎఫ్2 ఎప్పుడూ చురుగ్గా ఉండి కణాన్ని కాపాడుతుంది. క్యాన్సర్‌ను ఆపే మరో జన్యువు ఎస్‌టీకే11 కూడా పని చేయదు.

చిత్తూరోడు:
హెచ్460 కణాలకు పోయినా కీప్1 గొడవే సార్. ఉండేదాంతో చేయనీండి, ఆ పరిమితి రిపోర్టులో రాసుకుంటారు. అక్కా, సిస్‌ప్లాటిన్ దేంట్లో కరిగించినారు? డీఎంఎస్ఓలో అయితే పారేయండి. డీఎంఎస్ఓ ప్లాటినంకు అతుక్కుని మందు బలాన్ని పోగొడతాది. 0.9 శాతం సెలైన్‌లో మి.లీ.కు 1 మిల్లీగ్రాము, వెలుతురు తగలకుండా. ఫ్రిజ్‌లో పెడితే గింజలు కడతాది. 1 మి.లీ. మీడియాకు 3 మైక్రోలీటర్లు పోస్తే 10 మైక్రోమోలార్.

పద్మావతిపురం_ల్యాబ్:
మ్యాప్ వచ్చింది, పురోమైసిన్ జన్యువు ఉంది, బ్లాస్ట్ లేదు. నట్లిన్ ఆర్డర్ పెట్టాం. సిస్‌ప్లాటిన్ డీఎంఎస్ఓలోనే ఉంది, మార్చేస్తాం. థాంక్స్ అండీ.

కొర్లగుంట:
వయల్ మీద "పురో" అని రాయండి.

అలిపిరి_దారి:
అనుమతి పత్రంలో ఈ లూసిఫెరేజ్ లైన్ పేరు ఉందా, లేక ఏ549 అని మాత్రమేనా?