కనెక్షన్ రెఫ్యూజ్డ్ వస్తే లిజన్ అడ్రసెస్‌లో స్టార్ పెట్టేయాలా?

గోదావరి కుర్రాడు:
ఉబుంటు సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేశాను. సర్వర్‌లోంచే లాగిన్ చేస్తే వస్తోంది. ల్యాప్‌టాప్ నుంచి మాత్రం ఎంటర్ కొట్టీ కొట్టగానే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’. ఫైర్‌వాల్ ఆపేసి చూశా, అదే మాట. పోస్ట్‌గ్రెస్ ఏ అడ్రసుల మీద వినాలో చెప్పే లిజన్ అడ్రసెస్ సెట్టింగ్‌లో స్టార్ (అంటే అన్ని అడ్రసులూ) పెట్టేయమంటున్నారు మా టీమ్‌లో. పెట్టేయొచ్చా?

నైట్‌షిఫ్ట్:
పెట్టెయ్ తమ్ముడూ. మేమూ అదే చేస్తాం.

పాత సర్వర్:
ముందు ఆ ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చెయ్యి బాబూ. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని మింగేస్తే ఉలుకూ పలుకూ ఉండదు, టైమౌట్ దాకా చూడాల్సిందే. వెంటనే రెఫ్యూజ్డ్ అందంటే మెషిన్ దొరికింది, ఆ పోర్టులో వినేవాడు లేడు. (రిజెక్ట్ రూలుంటే ఫైర్‌వాలూ ఇలాగే అంటుంది. నువ్వు ఆపేసి చూశావుగా.) సర్వర్‌లో ‘ఎస్ఎస్ మైనస్ ఎల్‌టీఎన్’ కొట్టు, ఏ అడ్రసులో ఏ పోర్టు వింటోందో చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432కి ముందు 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే ఆ మెషిన్‌లోంచి వచ్చేవాళ్లకే) ఉందా? డిఫాల్ట్‌గా అంతే. స్టార్ వద్దు, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ గుండానే పోస్ట్‌గ్రెస్‌కి దారి తీసే ఎస్ఎస్‌హెచ్ టనెల్ వేసుకో. 2017 జనవరిలో ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన వేల మోంగోడీబీ డేటాబేస్‌లను తుడిచేసి బిట్‌కాయిన్లు అడిగారు.

నైట్‌షిఫ్ట్:
వాటికి పాస్‌వర్డే లేదు సార్! ఇక్కడ ఎవరిని లోపలికి రానివ్వాలో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైలుంది. అందులో లైను లేనివాడిని గుమ్మంలోంచే పంపేస్తుంది.

పాత సర్వర్:
పంపేసినా తలుపు బాదుతూనే ఉంటారు. అంతగా కావాలంటే ప్రైవేట్ ఐపీ ఒక్కటే రాసుకోవచ్చుగా?

నైట్‌షిఫ్ట్:
రాశాం సార్, లోకల్‌హోస్ట్ పక్కన వీపీఎన్ (మా ప్రైవేట్ నెట్‌వర్క్) ఐపీ. ఓ రాత్రి సర్వర్ రీబూటైంది. వీపీఎన్ కంటే ముందే పోస్ట్‌గ్రెస్ లేచింది. ఆ ఐపీ దొరక్క లాగ్‌లో ఒక వార్నింగ్ రాసేసి, లోకల్‌హోస్ట్ మీద హాయిగా నడిచింది. స్టేటస్ చూస్తే పచ్చగా ఉంది, యాప్‌కి మాత్రం రెఫ్యూజ్డ్. ఆ ఒక్క లైను దొరికేసరికి తెల్లారింది. అప్పట్నుంచి స్టార్ పెట్టి, ఫైర్‌వాల్‌లో యాప్ సర్వర్‌కి మాత్రమే దారి వదిలాం.

పాత సర్వర్:
అది స్టార్ గొప్పతనం కాదు. సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీలో వీపీఎన్ తర్వాతే లేవమని చెప్పుకోకపోవడం మీ తప్పు. అయినా ఫైర్‌వాల్ ఉంచారు కాబట్టి మీతో గొడవ లేదు. ఈ అబ్బాయి దాన్ని ఆపేశాడే, నా బాధ అదీ.

గోదావరి కుర్రాడు:
127.0.0.1 అనే ఉంది సార్. కావాల్సింది నాకొక్కడికే కాబట్టి టనెల్ వేశా, వచ్చేసింది! నిజానికి నిన్న స్టార్ కూడా పెట్టి రీలోడ్ (ఆపకుండానే సెట్టింగ్స్ మళ్లీ చదివించడం) కొట్టా, ఏమీ మారలేదు.

నైట్‌షిఫ్ట్:
హెచ్‌బీఏ ఫైలుకైతే రీలోడ్ చాలు. దీనికి రీస్టార్ట్ కావాలి.

పాత సర్వర్:
ఆగండాగండి. ఆ స్టార్ ఇంకా ఫైల్లోనే ఉందా? ఎప్పుడు రీస్టార్టయినా తలుపు తెరుచుకుంటుంది.

గోదావరి కుర్రాడు:
ఉంది సార్... ఫైర్‌వాల్ కూడా ఇంకా ఆన్ చెయ్యలేదు. ఇప్పుడే వెళ్తున్నా.