వాక్య ధ్యానం నేర్పేటప్పుడు రెండో మెట్టు, నాలుగో మెట్టు దగ్గర చిక్కు: సలహా కావాలి

అందరికీ వందనాలు. సంఘంలోని సామాన్య విశ్వాసులకు ఎనిమిది, పది మంది గుంపుగా లెక్సియో దివీనా, అంటే బైబిలు భాగాన్ని నెమ్మదిగా చదివి ధ్యానిస్తూ ప్రార్థించే పద్ధతి, నేర్పిస్తున్నాం. 12వ శతాబ్దపు కార్తూసియన్ (ఒక కతోలిక సన్యాసి సభ) సన్యాసి రెండవ గీగో చెప్పిన నాలుగు మెట్లే: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని ఎదుట మౌనంగా ఉండడం. భాగం పది వచనాలకు మించనివ్వం. మార్కు 10:46-52, గుడ్డివాడైన బర్తిమయికి యేసు చూపునిచ్చిన ఘట్టం, దీనికి చక్కగా సరిపోతుంది. మూడుసార్లు నెమ్మదిగా పైకి చదివి, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగుతాం.

పెద్ద చిక్కు రెండో మెట్టు, ధ్యానం దగ్గరే. మనసుకు తగిలిన మాట ఒక్కటి చెప్పమంటే, బైబిలు బాగా తెలిసినవారు వెంటనే వివరణలోకి, వేరే వచనాల్లోకి వెళ్లిపోతారు. అది ప్రసంగమైపోతుంది. కొత్తవారు ఇక నోరు మెదపరు. దేవుడు తమతో ఏమంటున్నాడో వినడం మాని, తప్పులేని జవాబు కోసం వెతుక్కుంటారు. ఇదే మాకు ఎక్కువ బాధ.

చివరి మెట్టులో ఐదు నిమిషాల మౌనమిస్తే కొందరికి కునుకు పడుతుంది, కొందరు పైకి ప్రార్థన అందుకుంటారు. మనసు చెదిరితే ఆ ఒక్క మాటనే తలుచుకోమంటున్నాం.

పంచుకోవడాన్ని మౌనం ముగిశాకే పెట్టి చూసినవారున్నారా? మౌనాన్ని రెండు నిమిషాలతో మొదలుపెట్టి పెంచడం మేలా? చదువు రాని పెద్దవారికి మూడుసార్లు వినడం చాలుతుందా?