డీ750కి తోడుగా ఏ కెమెరా తీసుకోవాలి?

అన్నలూ, నల్లగొండ, మిర్యాలగూడ వైపు పెళ్లిళ్లు తీస్తుంటాను. ఉన్నది నికాన్ డీ750. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కెమెరా మొరాయిస్తే మళ్లీ పెట్టమనలేం కదా, అందుకే రెండో బాడీ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో డీ750 తీసుకోనా, నికాన్ వాళ్ల మిర్రర్‌లెస్ కెమెరా జెడ్5కి వెళ్లనా? రెండింటికీ రెండేసి కార్డు స్లాట్లున్నాయి, అది తప్పనిసరి. చిక్కల్లా నా 85 ఎంఎం 1.8డీ లెన్స్‌తోనే. దాంట్లో ఫోకస్ తిప్పే మోటార్ లేదు, పాత లెన్సుల్ని జెడ్ కెమెరాలకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా జెడ్5 మీద ఆటోఫోకస్ రాదు. తలంబ్రాల హడావుడిలో చేత్తో ఫోకస్ తిప్పడం నావల్ల కాదు. చెరువుగట్టు జాతరలో రాత్రిపూట జెడ్5తో తీసినవాళ్లుంటే, చీకట్లో ఫోకస్ ఎలా పడుతుందో చెప్పండి. డీ750 షట్టర్‌ను 1,50,000 క్లిక్కుల దాకా పరీక్షించామని కంపెనీ మాట. పాతది కొంటే ఎంత కౌంట్ దాకా ధైర్యం చేయొచ్చు?